రొమ్ము క్యాన్సర్ జన్యు ముప్పు తెలిశాక మనసులో జరిగేది: తరచుగా అడిగే ప్రశ్నలు

రొమ్ము క్యాన్సర్ వచ్చినవారిలో 5 నుంచి 10 శాతం మందికి మాత్రమే అది తల్లిదండ్రుల నుంచి సంక్రమించిన జన్యు మార్పు వల్ల వస్తుంది. లెక్కకు ఇది చిన్నదే. కానీ ఆ మార్పు బయటపడిన ఇంట్లో ఒకరి రిపోర్టు ఆ ఒక్కరితో ఆగదు. అక్కచెల్లెళ్లకు, అన్నదమ్ములకు, మేనకోడళ్లకు, కన్నబిడ్డలకు కూడా అది తమ గురించి రాసిన కాగితంలాగే కనబడుతుంది. ఏ స్కాన్ ఎప్పుడు తీయించుకోవాలో డాక్టరును అడగడానికి ఎవరూ వెనకాడరు గానీ, రాత్రిళ్లు నిద్ర ఎందుకు పట్టడం లేదో అడగడానికి చాలామంది మొహమాటపడతారు. ఇక్కడ ఉన్నవి ఎక్కువగా ఆ రెండో రకం ప్రశ్నలు.

బీఆర్‌సీఏ పరీక్షలో పాజిటివ్ వచ్చింది. అంటే నాకు క్యాన్సర్ ఉన్నట్టేనా?

కాదు. 17వ క్రోమోజోము మీద ఉండే బీఆర్‌సీఏ1, 13వ క్రోమోజోము మీద ఉండే బీఆర్‌సీఏ2 అనే జన్యువులు దెబ్బతిన్న డీఎన్‌ఏను బాగుచేసే పనిలో ఉంటాయి. ప్రతి మనిషిలోనూ ఒక్కో జన్యువుకు రెండేసి ప్రతులుంటాయి. వాటిలో ఒకటి పుట్టుకతోనే పనిచేయని స్థితిలో ఉంటే రొమ్ము, అండాశయ క్యాన్సర్లు వచ్చే అవకాశం పెరుగుతుంది. పరీక్ష చెప్పేది ఆ అవకాశం గురించే తప్ప ఒంట్లో ఉన్న జబ్బు గురించి కాదు.

తికమకంతా పాజిటివ్ అనే మాటతోనే మొదలవుతుంది. కోవిడ్ రోజుల నుంచి మనకు పాజిటివ్ అంటే జబ్బు ఒంట్లోకి వచ్చేసినట్టే లెక్క. అందువల్ల నొప్పి లేకపోయినా, ఒక్క మాత్ర కూడా వేసుకోకపోయినా, రోగినైపోయానన్న భావన మనసులో స్థిరపడుతుంది. అమెరికాలో ఇలాంటివారు కొందరు తమను తాము ‘ప్రీవైవర్లు’ అని పిలుచుకుంటారు. తెలుగులో ఆ స్థితికి ఇంకా పేరు పడలేదు. అది చిన్న లోపమేమీ కాదు, ఎందుకంటే పేరు లేని దాన్ని అత్తగారికి వివరించడం పేరున్న జబ్బును వివరించడం కంటే కష్టం.

ఫలితం విన్నప్పుడు నాకు ఏడుపు రాలేదు, ఏమీ అనిపించలేదు. నాలో ఏదైనా లోపం ఉందా?

లేదు. కొందరు ఆ గదిలోనే కుప్పకూలిపోతారు. కొందరు పార్కింగ్ టికెట్ ఎక్కడ పెట్టానా అని హ్యాండ్‌బ్యాగ్ వెతుక్కుంటారు. ‘ఎలాగూ నాకు తెలుసు, అనుకున్నదే’ అని ఊపిరి పీల్చుకునేవారు కూడా ఉంటారు, ముఖ్యంగా తల్లి, పెద్దమ్మ ఇద్దరూ అదే జబ్బుతో పోయిన ఇళ్లలో. మొద్దుబారినట్టు ఉండటం మనసు తనకు కావలసిన వ్యవధి తీసుకోవడమే. అయితే ఆ మొదటి గంటలో డాక్టరు చెప్పినవాటిలో చాలా భాగం చెవికెక్కదు. తోడుగా ఒకరిని వెంటబెట్టుకుని వెళ్లమనడం, వారం పది రోజుల తర్వాత మరోసారి కలవమనడం అందుకే.

ఈ ఆందోళన ఎన్నాళ్లుంటుంది?

బీఆర్‌సీఏ1 ఉన్న చోటును అమెరికా జన్యుశాస్త్రవేత్త మేరీ-క్లెయిర్ కింగ్ బృందం 1990లో గుర్తించింది. 1994లో ఆ జన్యువే చేతికి చిక్కింది. పరీక్షలు మొదలైనప్పుడు, ఈ ఫలితం విన్నవారు తీవ్రమైన కుంగుబాటులో పడతారేమోనని వైద్యలోకం చాలా భయపడింది. తర్వాతి అనుభవం ఆ భయాన్ని చాలావరకు తగ్గించింది. 2009లో 20 అధ్యయనాలను కలిపి చూసిన ఒక విశ్లేషణ ప్రకారం, మార్పు ఉన్నట్టు తేలినవారిలో ఆందోళన ఫలితం వచ్చిన తొలి వారాల్లో పెరిగి, కాలం గడిచేకొద్దీ పరీక్షకు ముందున్న స్థాయికి దిగివచ్చింది.

ఇది సగటు మాట, మీ మాట కాకపోవచ్చు. గతంలో కుంగుబాటుతో బాధపడినవారికి, చిన్న వయసులోనే తల్లిని పోగొట్టుకున్నవారికి, ఈ మధ్యే తోబుట్టువును పోగొట్టుకున్నవారికి, తాము స్వయంగా చికిత్సలో ఉండగా ఈ ఫలితం కూడా వచ్చిపడినవారికి ఎక్కువ కాలం పట్టవచ్చు. అందరిలోనూ తగ్గుతుంది కదా నాలో ఎందుకు తగ్గలేదని తమను తాము నిందించుకోవడం ఇంకో బరువు తప్ప మరేమీ కాదు.

మా అక్కకూ నాకూ ఒకే ఫలితం వచ్చింది. ఆమె మామూలుగా ఉద్యోగానికి వెళ్లివస్తోంది, నేను మాత్రం నిలవలేకపోతున్నాను. ఎందుకు?

ఈ పేజీలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించే ప్రశ్న ఇదే. రిపోర్టులోని అంకె కంటే ఇంట్లో కళ్లారా చూసినదే మనసు మీద ఎక్కువ పెత్తనం చేస్తుంది.

జన్యు కౌన్సెలింగ్‌లో మొట్టమొదట చేసే పని ఒక తెల్లకాగితం మీద వంశవృక్షం గీయడం. ఆడవారికి సున్న, మగవారికి చతురస్రం. క్యాన్సర్ వచ్చినవారి గుర్తును నలుపుతో నింపుతారు, పోయినవారి గుర్తు మీదుగా వాలుగా ఒక గీత కొడతారు, ఎవరి గురించి ఈ విచారణ మొదలైందో వారి పక్కన చిన్న బాణం వేస్తారు. పెద్దమ్మ ఏ వయసులో పోయారు, పిన్నికి గుర్తించింది ఎప్పుడు, అని అడుగుతూ గీస్తున్నంతసేపూ అది మామూలు కుటుంబ ముచ్చటలాగే సాగుతుంది. గీయడం పూర్తయ్యాక కాగితాన్ని ఇటు తిప్పి చూపిస్తే, ఒకే వరుసలో మూడు నల్ల సున్నలు, మూడింటి మీదా గీతలు, వాటి కింది వరుసలో ఇంకా తెల్లగా ఉన్న తన సున్న కనబడతాయి. ఎన్ని శాతాలు చెప్పినా కదలని మనిషి అక్కడ ఆగిపోవడం వింత కాదు.

ఆ కాగితం మీద మీరిద్దరూ ఒకే వరుసలో, ఒకే రకంగా ఉన్నా, మీకు తెలిసిన అమ్మ వేరు. అక్కకు అప్పటికే పెళ్లై వేరే ఊళ్లో ఉండి, ఫోనులో వార్తలు విని ఉండవచ్చు. కీమో రోజుల్లో అమ్మ జుట్టు దిండు మీద నుంచి ఏరి తీసింది మీరు అయి ఉండవచ్చు. జన్యువు ఇద్దరికీ ఒకటే వచ్చింది, జ్ఞాపకం ఒకటే రాలేదు. తల్లి ఏ వయసులో జబ్బు పడిందో ఆ వయసు తమకు దగ్గరపడుతున్న కొద్దీ కూతుళ్లలో భయం హెచ్చడం, ఆ పుట్టినరోజు దాటాక కొంత తేలికపడటం కౌన్సెలర్లకు బాగా తెలిసిన విషయం. మిమ్మల్ని అక్కతో పోల్చుకునే ముందు, అమ్మ జబ్బు రోజులు ఎవరికి ఎలా గడిచాయో ఇద్దరూ ఒకసారి కూర్చుని మాట్లాడుకోండి. మా అనుభవంలో చాలా ఇళ్లలో ఆ సంభాషణ ఒక్కసారి కూడా జరిగి ఉండదు.

72 శాతం ముప్పు అన్నారు. ఆ అంకెను మనసులో ఎలా పెట్టుకోవాలి?

2017లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం ప్రకారం, బీఆర్‌సీఏ1లో హానికర మార్పు ఉన్న స్త్రీలలో 80 ఏళ్లు వచ్చేసరికి 100లో సుమారు 72 మందికి, బీఆర్‌సీఏ2 అయితే 69 మందికి రొమ్ము క్యాన్సర్ వచ్చే అవకాశం ఉంది. అండాశయ క్యాన్సర్ విషయంలో ఆ అంకెలు 44, 17. ఆ లెక్కలు ప్రధానంగా ఐరోపా మూలాలున్న కుటుంబాలవి.

‘80 ఏళ్లు వచ్చేసరికి’ అన్న ముక్కను మనసు జారవిడుస్తుంది. 32 ఏళ్ల మనిషికి 72 అనేది ఈ సంవత్సరం అంకెలాగే వినబడుతుంది. అదే అధ్యయనంలో 40 ఏళ్ల వయసు వచ్చేసరికి బీఆర్‌సీఏ1 ఉన్నవారి అంకె సుమారు 24. డాక్టరును అడగవలసింది జీవితకాలపు ముప్పు ఒక్కటే కాదు. రాబోయే పదేళ్ల ముప్పు ఎంత అని విడిగా అడగండి. 100 మంది కూర్చున్న పెళ్లిపందిరిని ఊహించుకుని, అందులో 24 మంది ఎంతమందో చూసుకోవడం శాతాల కంటే మెరుగ్గా పనిచేస్తుంది.

జాతకంలో రాసి ఉందని చెప్పినప్పుడు మన పెద్దలు దానికి శాంతి కూడా ఉంటుందని చెప్పేవారు. జన్యు రిపోర్టును జాతకంలా చదివే చాలామంది ఆ రెండో సగాన్ని వదిలేసి, విధిరాత అన్న మొదటి సగం దగ్గరే ఆగిపోతున్నారు. ఈ ముప్పుకు ఎమ్మారై, మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే), మందులు, శస్త్రచికిత్స అనే నాలుగు దారులున్నాయి.

నాకు నెగటివ్ వచ్చింది, చెల్లికి పాజిటివ్. సంతోషించాల్సింది పోయి చెల్లి ముఖం చూడలేకపోతున్నాను.

తప్పించుకున్నవారి అపరాధభావం ఇది. యుద్ధాల నుంచి, ప్రమాదాల నుంచి బతికి బయటపడ్డవారిలో కూడా కనిపిస్తుంది. తల్లిదండ్రులలో ఒకరికి ఈ మార్పు ఉంటే ప్రతి బిడ్డకూ అది వచ్చే అవకాశం సగానికి సగం. ఒక బిడ్డకు వచ్చిందా లేదా అన్నదానితో రెండో బిడ్డ పందెం మారదు. మీ వాటా చెల్లి మీద పడలేదు. ఇంత సూటిగా ఉన్న విషయం కూడా మనసుకు ఎక్కడానికి సమయం పడుతుంది.

ఇంకో సంగతి. ‘ఎలాగూ నాకూ వస్తుంది’ అనుకుంటూ చదువు, పెళ్లి, పిల్లలు వంటి నిర్ణయాలన్నీ ఆ నీడలోనే తీసుకున్నవారికి, నలభై ఏళ్లప్పుడు నెగటివ్ వస్తే ఒక విచిత్రమైన శూన్యం మిగులుతుంది. దాన్ని కృతఘ్నత అనుకోవద్దు. అలాగే, కుటుంబంలో ఉన్న మార్పు ఏదో ముందే తెలిసి, అది మీలో లేదని తేలితేనే ఆ నెగటివ్‌కు పూర్తి విలువ. అప్పుడు కూడా అందరు స్త్రీలకూ ఉండే సాధారణ ముప్పు మీకూ ఉంటుంది.

రిపోర్టులో ‘ప్రాముఖ్యం తేలని మార్పు’ అని రాశారు. ఇది అన్నిటికంటే ఎక్కువ విసిగిస్తోంది.

వీయూఎస్ అని పిలిచే ఈ ఫలితం, జన్యువులో ఒక తేడా కనిపించింది గానీ అది హాని చేసేదో కాదో ఇప్పటి సమాచారంతో చెప్పలేమని తెలుపుతుంది. సందిగ్ధం భరించలేని మనసు దాన్ని వెంటనే పాజిటివ్‌గానో నెగటివ్‌గానో మార్చేసుకుంటుంది. కొందరు డాక్టర్లు కూడా ఆ పొరపాటు చేస్తారు. తర్వాతి కాలంలో తిరిగి వర్గీకరించిన వీయూఎస్‌లలో ఎక్కువ భాగం హాని లేనివిగానే తేలుతున్నాయి. ఒక్క వీయూఎస్‌ను ఆధారం చేసుకుని శస్త్రచికిత్సకు వెళ్లకూడదు. ఏడాదికో రెండేళ్లకో ఒకసారి ల్యాబును, కౌన్సెలరును సంప్రదించి, వర్గీకరణ మారిందేమో కనుక్కోండి.

అసలు తెలుసుకోకుండా ఉంటే ప్రశాంతంగా ఉండవచ్చు కదా?

తెలుసుకోకుండా ఉండే హక్కు మీకుంది, ఎవరూ బలవంతపెట్టకూడదు. కానీ తెలియకపోవడం ప్రశాంతతతో సమానం కాదు. 1998లో ప్రచురించిన ఒక అమెరికన్ అధ్యయనంలో, క్యాన్సర్ గురించి ముందునుంచీ తీవ్రంగా మథనపడుతూ, ఫలితం మాత్రం వద్దన్నవారిలో కుంగుబాటు లక్షణాలున్నవారు నెల తిరిగేసరికి 26 శాతం నుంచి 47 శాతానికి పెరిగారు. మార్పు ఉన్నట్టు తెలుసుకున్నవారిలో అలాంటి పెరుగుదల కనిపించలేదు. నిజంగా పట్టించుకోనివారు తెలుసుకోకపోయినా నష్టం లేదు. రోజూ దాని గురించే ఆలోచిస్తూ పరీక్షకు దూరంగా ఉండేవారే ఎక్కువ నలిగిపోతారు. మీరు ఈ ఇద్దరిలో ఎవరో మీకే తెలుస్తుంది.

మా అమ్మాయికి ఎప్పుడు చెప్పాలి? పెళ్లి సంబంధాలు వచ్చే వయసు.

ముందు వయసు సంగతి. పెద్దయ్యాక మాత్రమే వచ్చే ఈ జబ్బుకు మైనర్లను పరీక్షించరు, ఎందుకంటే 25 ఏళ్లకు ముందు సాధారణంగా చేసేదేమీ ఉండదు, పైగా నిర్ణయించుకునే హక్కు ఆ బిడ్డది. అంతమాత్రాన ఇంట్లో మాట్లాడకూడదని కాదు. అమ్మమ్మ ఏ జబ్బుతో పోయిందో తెలియని పిల్లలు, పెద్దవాళ్ల గుసగుసల నుంచి నిజం కంటే భయంకరమైన కథ అల్లుకుంటారు. మన ఇళ్లలో క్యాన్సర్ అన్న మాటే పలకరు, ‘ఆ జబ్బు’ అంటారు. పదేళ్ల పిల్లకు పదేళ్ల మాటల్లో, ఇరవై ఏళ్లకు ఇరవై ఏళ్ల మాటల్లో, విడతలుగా చెప్పడం మేలు.

తల్లుల గుండెల్లో ఉండే మాట ‘నా ఒంట్లోంచే దానికి పోయింది’ అన్నది. అది మీరు ఎంచుకుని ఇచ్చినది కాదు. మీకు కూడా ఎవరో ఎంచుకోకుండానే ఇచ్చారు. కూతురికి చెప్పేటప్పుడు ఏడుపు వస్తే ఆపుకోనక్కర్లేదు, కానీ ఆమె మిమ్మల్ని ఓదార్చే పరిస్థితి తీసుకురావద్దు. మీ ఏడుపు ముందుగా అక్క దగ్గరో స్నేహితురాలి దగ్గరో కొంత దిగిపోయాక చెప్పండి.

ఇక పెళ్లి. సంబంధం చెడిపోతుందని రిపోర్టును బీరువాలో చీరల కింద దాచిపెట్టే తల్లిదండ్రుల భయం ఉత్తుత్తిది కాదు. ఇలాంటి మాట ఒక్కసారి మధ్యవర్తి చెవిన పడితే ఊరంతా తిరుగుతుంది, పరీక్ష కూడా చేయించుకోని చెల్లెలి సంబంధాలూ తప్పిపోతాయి. అయినా దాచి చేసిన పెళ్లిలో ప్రతి ఎమ్మారై అపాయింట్‌మెంటుకూ ఒక అబద్ధం చెప్పుకోవాలి. నా అభిప్రాయం ఇది: బయోడేటాలో రాయనక్కర్లేదు, పెళ్లిచూపుల్లో చెప్పనక్కర్లేదు, ఇద్దరూ ఒకరినొకరు ఇష్టపడ్డాక, నిశ్చితార్థానికి ముందు, అమ్మాయే స్వయంగా అబ్బాయికి చెప్పాలి. ఏం చెప్పాలో ముందుగా కౌన్సెలరుతో కూర్చుని నాలుగు వాక్యాలు సిద్ధం చేసుకోవచ్చు. అబ్బాయికి సందేహాలుంటే అతన్నీ ఒకసారి తీసుకురావచ్చు.

ఇది ఆడవాళ్ల జబ్బు కదా, నాన్న వైపు నుంచి ఎలా వస్తుంది?

ఈ జన్యువులు లింగ క్రోమోజోముల మీద ఉండవు. తండ్రి నుంచి కూతురికి, తల్లి నుంచి కొడుక్కి సమానంగా వస్తాయి. ఆడపిల్లలు తక్కువగా పుట్టిన ఇంట్లో రెండు తరాల పాటు ఎవరికీ జబ్బు కనబడకుండా మగవారి ద్వారా దిగివచ్చి, హఠాత్తుగా మనవరాలిలో బయటపడవచ్చు. మగవారికీ ముప్పుంది: బీఆర్‌సీఏ2 ఉన్న పురుషులలో 100లో దాదాపు ఏడుగురికి జీవితకాలంలో రొమ్ము క్యాన్సర్ రావచ్చు, ప్రొస్టేట్ క్యాన్సర్ ముప్పు కూడా పెరుగుతుంది. తన నుంచి కూతురికి వెళ్లిందని తెలిసిన తండ్రి తరచూ మౌనంలోకి వెళ్లిపోతాడు, లేదా ఖర్చుల లెక్కలు, ఆసుపత్రుల జాబితాలు ముందేసుకుని కూర్చుంటాడు. అది నిర్లక్ష్యంలా కనిపించినా చాలాసార్లు దుఃఖమే. ఆయనను కూడా కౌన్సెలింగ్‌కు పిలవండి.

మాది మేనరికం. దాని వల్ల ముప్పు పెరిగిందా?

మీ ముప్పు పెరగదు. ఒక్క ప్రతి మారితే చాలు కాబట్టి దానికి మేనరికంతో పని లేదు. అయితే ఒకే కుటుంబం నుంచి వచ్చిన భార్యాభర్తలిద్దరిలోనూ బీఆర్‌సీఏ2 మార్పు ఉంటే, రెండు ప్రతులూ దెబ్బతిన్న బిడ్డకు ఫాంకోనీ ఎనీమియా అనే తీవ్రమైన, అరుదైన జబ్బు రావచ్చు. అందుకని మేనరికం చేసుకున్నవారిలో ఒకరికి పాజిటివ్ వస్తే పిల్లల గురించి ఆలోచించే ముందు రెండోవారు కూడా పరీక్ష చేయించుకోవడం మంచిది. ‘మేము వద్దన్నా చేశారు’ అని పెద్దల మీద నిష్ఠూరాలకు మాత్రం ఇది సందర్భం కాదు.

రొమ్ములు తీయించుకుంటే భయం పూర్తిగా పోతుందా?

ముప్పు 90 శాతానికి పైగా తగ్గుతుంది. భయం అదే కొలతలో తగ్గదు గానీ బాగానే తగ్గుతుంది. అమెరికాలోని మేయో క్లినిక్‌లో, కుటుంబ చరిత్ర కారణంగా రెండు రొమ్ములూ ముందుగానే తీయించుకున్న 572 మంది స్త్రీలను సగటున 14 ఏళ్లు దాటాక అడిగితే, 74 శాతం మంది క్యాన్సర్ దిగులు తగ్గిందన్నారు, 70 శాతం మంది తమ నిర్ణయం పట్ల తృప్తిగా ఉన్నామన్నారు, 19 శాతం మంది లేమన్నారు. శరీరం కనిపించే తీరు పట్ల అసంతృప్తి పెరిగిందన్నవారు 36 శాతం. 2000లో వెలువడిన ఈ అంకెలు నాకు నిజాయితీగా కనిపిస్తాయి. తృప్తి, వెలితి ఒకే మనిషిలో పక్కపక్కనే ఉండగలవు.

2013 మే నెలలో హాలీవుడ్ నటి ఏంజెలీనా జోలీ తన శస్త్రచికిత్స గురించి న్యూయార్క్ టైమ్స్‌లో రాశాక ప్రపంచమంతటా జన్యు క్లినిక్‌లకు వచ్చేవారు పెరిగారు. ఆమెకు డాక్టర్లు చెప్పిన 87 శాతం అనే అంకె అప్పటినుంచి అందరి నోళ్లలో నానింది. అయితే ఆమె తల్లి 56 ఏళ్లకే పోయిందన్న సంగతి ఆ అంకెతో పాటు గుర్తుపెట్టుకోవాలి. ఏ నిర్ణయమైనా ఒక చరిత్రలోంచి పుడుతుంది, దాన్ని మరొకరి చరిత్రకు అతికించలేం.

ఫలితం వచ్చిన తొలి వారాల్లోనే ఆపరేషన్ తేదీ ఖరారు చేసుకోవద్దు. జబ్బు లేనప్పుడు తొందరా లేదు. ఈలోగా 25 ఏళ్ల నుంచి ఏటా ఎమ్మారై, 30 నుంచి మామోగ్రామ్ కూడా తీయించుకుంటూ ఉండవచ్చు. అండాశయాల సంగతి వేరు: వాటికి నమ్మదగిన స్క్రీనింగ్ లేదు కాబట్టి, పిల్లలు చాలనుకున్నాక, బీఆర్‌సీఏ1 అయితే 35 నుంచి 40 ఏళ్ల మధ్య తీయించుకోమంటారు. ఆ శస్త్రచికిత్సతో ఒక్కసారిగా ముట్లు ఆగిపోయి, ఒంట్లో ఆవిర్లు, నిద్రలేమి, చిరాకు వస్తాయి. వాటిని ‘మనసు బలహీనత’ అని తీసిపారేయకుండా గైనకాలజిస్టుతో ముందే మాట్లాడండి, భర్తను కూడా ఆ సంభాషణలో కూర్చోబెట్టండి.

రోజుకు నాలుగైదు సార్లు తడిమి చూసుకుంటున్నాను. మా చెల్లి ఏమో స్కాన్‌కే వెళ్లదు.

రెండూ ఒకే భయానికి రెండు ముఖాలు. పదేపదే తడమడం వల్ల చర్మం కమిలి నొప్పి పుడుతుంది, ఆ నొప్పే కొత్త అనుమానమవుతుంది. నెలకు ఒకసారి, ముట్టు ఆగిన కొద్ది రోజులకు చూసుకుంటే చాలు. మిగతా రోజుల్లో చేయి వెళ్లినప్పుడు ‘దీనికి తేదీ ఉంది’ అని మనసుకు చెప్పుకోండి. చెల్లికి ఉపన్యాసం వద్దు. అపాయింట్‌మెంటు తీసుకుని, ఆటో పిలిచి, ఆమె పక్కన కూర్చోండి. స్కాన్‌కు ముందు వారం నిద్ర చెడటం మామూలే. రిపోర్టు ఏ రోజు, ఎవరి ద్వారా అందుతుందో ముందే అడిగి పెట్టుకుంటే ఆ వారం కొంత సుళువవుతుంది.

అమెరికాలో ఉన్న అన్నయ్య ఇంటికి వచ్చే లాలాజలం కిట్‌తో నెగటివ్ అని చెప్పాడు. నమ్మవచ్చా?

వద్దు. 2018లో అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, ఇలాంటి కిట్లు అమ్మే 23అండ్‌మీ సంస్థకు అనుమతించినప్పుడు ఆ పరీక్ష చూసినవి మూడే మార్పులు, అవీ ఆష్కెనాజీ (మధ్య, తూర్పు ఐరోపా మూలాలున్న) యూదుల్లో ఎక్కువగా కనిపించేవి. వెయ్యికి పైగా ఉన్న బీఆర్‌సీఏ మార్పుల్లో అవి ఎంత? ఆ ఊరట మీద స్క్రీనింగ్ మానేయకూడదు.

ఇన్సూరెన్స్ వాళ్లకు తెలిస్తే?

అమెరికాలో 2008 నాటి గీనా చట్టం ఆరోగ్య బీమాలోనూ ఉద్యోగంలోనూ రక్షణ ఇస్తుంది; జీవిత బీమాకు అది వర్తించదు. మన దేశంలో 2018లో ఢిల్లీ హైకోర్టు ఆరోగ్య బీమాలో జన్యు వివక్ష రాజ్యాంగ విరుద్ధమని చెప్పింది, ఆ వ్యవహారం తర్వాత సుప్రీంకోర్టు మెట్లెక్కింది. జన్యు రుగ్మత అన్న మినహాయింపు చూపి క్లెయిములు తోసిపుచ్చవద్దని అదే ఏడాది బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ కంపెనీలను ఆదేశించింది. ప్రపోజల్ ఫారంలో అడిగిన ప్రశ్నకు అబద్ధం మాత్రం రాయవద్దు.

మానసిక నిపుణుల దగ్గరకు ఎప్పుడు వెళ్లాలి?

రెండు వారాలకు పైగా నిద్ర, ఆకలి చెడిపోతే, ఇంట్లో పని, ఉద్యోగం సాగకపోతే, స్కాన్‌లకు వెళ్లలేకపోతే, పిల్లల ముఖం చూస్తే ఏడుపు ఆగకపోతే వెళ్లండి. బతకాలని లేదన్న ఆలోచన వస్తే రెండు వారాలు ఆగవద్దు, ఆ రోజే చెప్పండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడవచ్చు. ఫలితాన్ని మళ్లీ అర్థమయ్యేలా చెప్పించుకోవాలంటే హైదరాబాద్ నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది. వెళ్లేటప్పుడు అసలు రిపోర్టు, కుటుంబంలో ఎవరికి ఏ వయసులో ఏ క్యాన్సర్ వచ్చిందో రాసుకున్న కాగితం, మీ మాట మధ్యలో తెంపకుండా వినగల మనిషి ఒకరు మీ వెంట ఉండాలి.